రోగి పరిచర్య: మూత్రబంధమున బాధోపశమనము

ఇంట మామగారికో తాతగారికో రాత్రివేళ మూత్రము బిగిసెనన్న, మొదట జరుగునది బార్లీనీళ్లు కాచుట. సోదరీమణులు దీనిని మానవలెనని మా మనవి. మూత్రము తయారుకాకపోవుట వేఱు. తయారైనది వెడలలేకపోవుట వేఱు. ఇచట బాధ రెండవదానివలననే. పెద్దవారి మూత్రాశయమున సాధారణముగా 400 మొదలు 500 మిల్లీలీటర్ల వఱకు పట్టును. అంతకు మించి సాగినకొలది పొత్తికడుపు గట్టిపడి, చేయి వేయనీయని నొప్పి పుట్టును. అట్టియెడ ఏమి త్రాగించినను నిండిన కుండలో నీరు పోయుటయే. నొప్పిమాత్రలను నమ్ముకొనుటయు మంచిది కాదు. కొన్ని ఘాటైన నొప్పిమందులును, జలుబు మాత్రలును మూత్రమును బిగియించునవియే!

వృద్ధపురుషులకు ప్రాస్టేటు గ్రంథి పెరుగుట దీనికి ముఖ్యకారణము. స్త్రీలకు ప్రసవానంతరమునను, శస్త్రచికిత్స పిమ్మటను రావచ్చును. కాన్పైన 6 గంటలలో మూత్రము వెడలనిచో బాలెంతరాలు నర్సుతో చెప్పితీరవలెను.

చెప్పుకొనుటయే కష్టమని మే మెఱుగుదుము. మామగారు కోడలితో ఈ మాట యెట్లనగలరు? నడుమునొప్పి యని, తెల్లవారుదాక పండ్లు బిగబట్టి పొర్లుచుందురు. మతిమఱపు ముదిరిన వారైనచో, పక్కమీద నిలువలేక మసలుట, బట్టలు పెఱికికొనుట మాత్రమే గుర్తు. పొత్తికడుపు తాకి చూడుడు. చుక్కలుగా కారుచున్నను లోపల నిండియుండవచ్చును.

ఆసుపత్రికి బండి వచ్చులోపల జనమును పంపివేసి, తలుపు మూసి, రోగిని కూర్చుండబెట్టియో నిలువబెట్టియో యత్నింపజేయవచ్చును. కుళాయి చప్పుడు, గోరువెచ్చని నీళ్లు కొందఱికి తోడ్పడును. పొట్టను అదుమరాదు. కాళ్లు పట్టుదప్పి, కూర్చుండుచోట స్పర్శ తెలియకున్నచో వెన్నునరములకు ఆపద కావచ్చును. ఈ యత్నములేవియు వలదు, తక్షణమే తీసికొనిపోవలెను.

కాథెటరు అను మెత్తని గొట్టము వేసి మూత్రము తీయగానే బాధ తగ్గును. గొట్టముతో ఇంటికి వచ్చిన పిమ్మట పరిచర్య మనది. చేతులు సబ్బుతో కడుగుకొనియే ముట్టవలెను. సంచి మూత్రాశయముకంటె పల్లమున వ్రేలాడవలెను, నేల తాకరాదు. గొట్టమును తొడకు అతికించినచో లాగుడు నొప్పి యుండదు. ఒక్కొక్కప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్లగును. మూత్రాశయము గొట్టమును త్రోసివేయజూచుటయే దీనికి కారణము. ముందుగా గొట్టము మడతపడెనేమో, మూత్రము దిగుచున్నదో లేదో చూడుడు. దిగుచున్నచో వైద్యునడిగి మందు వాడవచ్చును. దిగకున్నను, చలిజ్వరము వచ్చినను, నెత్తురుగడ్డలు పడినను వెంటనే కబురంపవలెను. గొట్టమును మీరు లాగరాదు. అది జాఱకుండ లోపల నీటిబుడగ యుండును.

వైద్యుడు వలదనినవారికి తప్ప, బార్లీనీళ్ల కిది తగిన సమయము. మలబద్ధము కలుగనీయకుడు, అదియు గొట్టమును ఒత్తి నొప్పి పెంచును.