మూడో బోరుకు నేను చందా ఇవ్వను



నాందేడ్ బయట మన సంఘం ప్లాటులో మూడో బోరు వేద్దామని గ్రూపులో చందా అడుగుతున్నారు. రెండు బోర్లు ఎండిపోయాయి. నల్లా లేదు, కరెంటు లైను లేదు, సోలార్ మీద బతుకు. అక్కడ కాపలా ఉండే కుటుంబంలో నలుగురు. ఎండాకాలంలో తాగే నీళ్ల జార్ మోటారు సైకిల్ మీద తెచ్చుకుంటున్నారు. అయినా మన పెద్దలది ఒకటే పాట: బోరు, దాని మీద ఆర్వో.

మన కింద ఉన్నది నల్లరాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగలకపోతే ఎంత లోతు దిగినా దుమ్మే.

ఇక పైకి చూడండి. మనకు ఏటా సుమారు 900 మిల్లీమీటర్ల వాన. అక్కడి వెయ్యి చదరపు అడుగుల రేకుల మీద అది 83 వేల లీటర్లు. ఐదో వంతు పోయినా 66 వేలు. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు. అక్టోబరు నుంచి జూన్ దాకా 270 రోజులకు 5,400. పది వేల లీటర్ల ట్యాంకు ఒకటి చాలు.

"కరువొస్తే?" అంటారు. 2016 ఏప్రిల్‌లో మన పక్క లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, మరిచిపోలేదు. వాన సగమే పడినా ఆ రేకులు 33 వేలు ఇస్తాయి. ట్యాంకు మూడుసార్లు నిండుతుంది. కరువులో ముందు ఎండేది బోరే కదా!

ఆర్వో పని నీళ్లలో కరిగిన ఉప్పులు, ఫ్లోరైడ్ తీయడం. నల్గొండ బోరు నీళ్లకు అది కావాలి. వాన నీళ్లలో ఆ ఉప్పులు దాదాపు ఉండవు. లేని జబ్బుకు మందేసి, సగం నీళ్లు మోరీలో పోయడం ఎందుకు?

వాన నీళ్లతో భయం వేరే. రేకుల మీద దుమ్ము, పక్షుల రెట్ట. అందుకే వాన మొదలవగానే వచ్చే నీళ్లు, కనీసం ఒక డ్రమ్ము, పారబోయాలి. తర్వాత జాలి, ఇసుక, కంకర. ట్యాంకుకు గట్టి మూత. వెలుతురు పడితే నాచు, సందుంటే దోమలు. బొగ్గు వాసన తీస్తుంది గానీ క్రిములను చంపదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా కొందరు వినరు. తాగే నీళ్లు మసల కాచాలి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి.

స్నానానికి, చెట్లకు ఈ ట్యాంకు చాలదు, నిజమే. పొంగే నీళ్లను ఎండిన బోర్ల పక్కన ఇంకుడు గుంతలోకి తిప్పితే ఆ అవసరానికి కొంతైనా ఆసరా.

వచ్చే మీటింగులో బోరు ఖర్చు, ట్యాంకు ఖర్చు రెండూ పక్కపక్కన పెట్టండి. ట్యాంకు అంటే మొదటి చందా నాది.