పది చుట్లు చుట్టినా నల్ల టేపు నల్ల టేపే

తిమ్మాజిపేటలో మోటారు సామాన్ల దుకాణం ముందు నిలబడి, బోరు కేబులు జాయింటుకు ఏ టేపు వేయాలని అడిగి చూడండి. "ఏదైతేంది సారూ, నల్ల టేపే గట్టిగ పది సుట్లు సుడితె నీళ్లు యాడికెళ్లి వోతయి? రబ్బరు టేపంత కంపెనోళ్ల దందా" అంటారు. ఈ మాట నేనూ చాలా ఏళ్లు నమ్మాను. నమ్మినందుకు ఒక మోటారు కాలిపోయింది. కాబట్టి కొంచెం ఘాటుగా రాస్తే ఏమనుకోకండి.

ఆ మోటారు పైకి లాగిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. త్రిపాయి నిలబెట్టి, చైను కప్పీ బిగించి, ఒక్కో పైపూ విప్పుకుంటూ వస్తే చివరికి మోటారు నెత్తిన జాయింటు కనిపించింది. పైకి నిక్షేపంగా ఉంది. బ్లేడుతో నిలువునా కోశాం. పొరకూ పొరకూ మధ్య నీటి చెమ్మ, టేపు బంక మెత్తబడి వేళ్లకు సాగింది. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. పసుపు, నీలం వైర్ల మధ్య బొగ్గులాంటి నల్లటి చార. చుట్టిన మనిషిని అనడానికేమీ లేదు. ఆయన పది కాదు, పదిహేను చుట్లు వేశాడు.

తప్పు చుట్లలో లేదు, సరుకులో ఉంది. నల్ల టేపంటే ఒక పక్క బంక పూసిన పీవీసీ ప్లాస్టిక్ పట్టీ. ఎన్ని చుట్లు వేసినా ఏ పొరకాపొర విడిగానే ఉంటుంది. ప్రతి చుట్టు అంచు దగ్గరా సన్నని సందు మిగులుతుంది. ఆ సందు మర మెట్లలా తిరుగుతూ తిన్నగా రాగి దాకా పోతుంది. చుట్లు పెంచితే నీటికి దారి పొడవవుతుందే తప్ప మూసుకుపోదు. పైగా అది గోడ మీది స్విచ్చుబోర్డు కాదు. నీటి మట్టానికి వంద అడుగుల కింద జాయింటు ఉంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు మూడు కిలోల ఒత్తిడి పడుతుంది. మోటారు నడిచినప్పుడు జాయింటు వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది. ఆపగానే చల్లబడి ముడుచుకుని, పక్కనున్న నీళ్లను లోపలికి పీలుస్తుంది. రోజూ ఆన్, రోజూ ఆఫ్. నీళ్లు యాడికెళ్లి వోతయి అంటే, ఇదిగో, ఇక్కణ్నుంచే.

రబ్బరు టేపుకు అసలు బంకే ఉండదు. దాన్ని సాగదీసి దాని మీదే చుడితే కొన్ని గంటల్లో పొరలన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి. మర్నాడు విప్పుదామని చూస్తే కొస దొరకదు, కత్తితో కోయాల్సిందే. సందే లేనప్పుడు నీళ్లు పోవడానికి దారేది? దీన్ని కంపెనీల దందా అనేవాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. ఒక పక్క టేపు చుట్ట ధర. ఇంకో పక్క వైండింగు ఖర్చు, మోటారు ఎత్తి దింపే కూలీ, ఈలోగా ఎండే వరి మడి.

"రబ్బరు టేపు కూడ ఏసినం, అయినా వోయింది" అనేవాళ్లూ ఉన్నారు. ఎలా వేశారని అడిగితే బండారం బయటపడుతుంది. చుట్టలో పొరల మధ్య ఉండే పల్చటి కవరు తీయకుండానే చుట్టినవాళ్లను నేను చూశాను. అలా చుడితే రబ్బరు రబ్బరును తాకనే తాకదు, ఇక కలిసేదెక్కడ? సాగదీయకుండా వదులుగా చుట్టినా అంతే సంగతి. వెడల్పు తగ్గేంతగా లాగి, కొత్త చుట్టు పాత చుట్టును సగం కప్పేలా వేయాలి. ఈ టేపు అతుక్కునేది తనకు తానే, కేబులు తొడుగుకు కాదు. అందుకే తొడుగును ఉప్పు కాగితంతో గరుకు చేసి, తడి, గ్రీజు తుడిచేసి, జాయింటుకు రెండు పక్కలా రెండంగుళాలు దాటించి బిగించాలి. మూడు వైర్లనూ ఒకేచోట కోయకుండా మెట్లుమెట్లుగా కోసి కలపాలి. చేత్తో మెలిపెట్టి వదిలేసిన రాగి వేడెక్కితే దాన్ని ఏ టేపూ కాపాడలేదు.

ఇంతా చెప్పి నల్ల టేపును పారేయమనడం లేదు. రబ్బరు మీద పై తొడుగుగా అదే వేయాలి. దింపేటప్పుడు కేసింగుకు రాసుకునే దెబ్బను అది కాస్తుంది. సిలికాన్ టేపు ఎండకు తట్టుకుంటుంది గానీ ఒక్క గాటు పడితే చర్రున చినుగుతుంది. అది బోరులోకి పనికిరాదు. కారుతున్న బకెట్టుకు అంటించి టీవీలో చూపించే టేపు సంగతి సరేసరి. నీళ్లు ఆపుతుంది కదా, కరెంటూ ఆపుతుందనుకుంటే అంతకన్నా అమాయకత్వం లేదు. లోతు బోర్లకు లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు రబ్బరు టేపుకన్నా మేలని కూడా ఒప్పుకుంటాను.

ఇంకొక్క సంగతి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినా ఆటో స్టార్టర్లు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. మధ్యలో కరెంటు పోయి వస్తే అవి ఎవరినీ అడగకుండా మోటారు ఆన్ చేస్తాయి. జాయింటు మీద చెయ్యి పెట్టేముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. స్టార్టరు బటను నొక్కి ఆపాను కదా అనుకుంటే కుదరదు.

ఇప్పటికీ పది చుట్లే చాలనేవారికి ఒక పందెం. రెండు కేబులు ముక్కలు తీసుకోండి. ఒకదానికి మీ నల్ల టేపు జాయింటు, రెండోదానికి నా రబ్బరు టేపు జాయింటు. కొసలు పైకి తేలేలా రెండింటినీ నీళ్ల డ్రమ్ములో ఒక నెల ముంచి ఉంచుదాం. నెల తర్వాత వైరుకూ నీటికీ మధ్య ఇన్సులేషను కొలిచే మెగ్గరు పెట్టి, ముల్లు ఏ జాయింటుకు సున్నా దిక్కు జారుతుందో చూసి అప్పుడు మాట్లాడుకుందాం. డ్రమ్ము నేనే తెస్తాను.