హురూబ్ అని రాస్తే వెతకడం అయిపోయినట్టేనా?



గళ్ల చొక్కా, మెడలో కంపెనీ కార్డు, వెనక క్యాంపు నీళ్ల ట్యాంకు. ఆ ఫోటో మీరంతా చూసే ఉంటారు. పద్నాలుగు నెలలుగా మన గ్రూపుల్లో తిరుగుతోంది. "ఈ అన్న కనబడితే చెప్పండి" అని కింద ఉంటుంది. మీరు షేర్ చేశారు, నేనూ చేశాను. ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి పేరు, ఊరు ఇక్కడ రాయను.

ఈ వారం ఆ ఫోటో కింద మళ్లీ గొడవ మొదలైంది. "పోలీసులు ఏం చేస్తున్నరు, నిద్రపోతున్నరా", "ఇక్కడోళ్లు అంతే, అక్కడోళ్లు అంతే" అని ఒక్క రాత్రిలో నలభై వాయిస్ మెసేజీలు. అన్నీ విన్నాను. కోపం న్యాయమే. నాక్కూడా ఉంది. కానీ ఈ కేసులో మొదటి నుంచీ తిరిగినవాణ్ని కాబట్టి పోలీసులు ఎక్కడ తప్పించుకున్నారో, మనం ఎక్కడ తప్పించుకున్నామో రెండూ చెప్పాలనిపించింది.

ఒక గురువారం రాత్రి, డ్యూటీ దిగాక, రీచార్జ్ కోసం బఖాలాకు పోతున్నానని చెప్పి రూము నుంచి బయటికి వెళ్లాడు. అంతే. శుక్రవారం సెలవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఊరోళ్ల దగ్గరికి పోయి ఉంటాడు అనుకున్నారు. ఆదివారం పనికి రాలేదు. ఫోర్‌మన్ మందూబ్‌కు చెప్పాడు, మందూబ్ కఫీల్‌కు చెప్పాడు. కఫీల్ పోలీసుల దగ్గరికి పోలేదు. కంప్యూటర్లో హురూబ్ పెట్టాడు. (ఇప్పుడు కాగితాల మీద "పనికి గైర్హాజరు" అని పేరు మార్చారు. క్యాంపుల్లో మనకు ఇప్పటికీ అది హురూబే.)

ఆ ఒక్క క్లిక్కుతో ఏమైందో చూడండి. అప్పటిదాకా అతను కనబడకుండా పోయిన మనిషి. ఆ తర్వాత పారిపోయిన మనిషి. కనబడకుండా పోయినవాణ్ని వెతుకుతారు. పారిపోయినవాణ్ని ఎవరు వెతుకుతారు? దొరికితే పట్టుకుంటారు, అంతవరకే. మేము ఇద్దరం పోయి ఇక్కడి పోలీసుల్ని అడిగితే మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమన్నారు, అఖామా నంబర్ కొట్టి చూశారు. "ఇతని మీద కంపెనీ రిపోర్టు ఉంది, ఇంకోచోట పని చేసుకుంటూ ఉంటాడు" అన్నారు. అతని పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. రెండు నెలల జీతం రావాలి. బట్టలు, కొత్తగా కొన్న బూట్లు, బిడ్డ కోసం కొన్న బొమ్మ అన్నీ మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి. పారిపోయేవాడు ఇవన్నీ వదిలి రీచార్జ్ కార్డు కోసం పోతాడా అని అడిగాం. దానికి జవాబు రాలేదు.

ఇక ఇంటి దగ్గర సంగతి. భార్య బీడీలు చుడుతుంది. టేషన్‌కు పోవాలంటే ఆ రోజు బీడీలు చుట్టేది లేదు, కూలీ పోయినట్టే. మొదటిసారి పోతే ఎస్సై లేడు. రెండోసారి, "వేరే దేశంల తప్పిపోయిండు, మా లిమిట్స్ కాదమ్మా, ఎంబసీకి రాసుకో" అన్నారు. ఎంబసీకి మేము రాశాం, మదద్ పోర్టల్లో నంబర్ వచ్చింది. కంపెనీని అడిగారు, కంపెనీ హురూబ్ అంది. ఇంటి దగ్గర కేసు ఉందా, ఎఫ్ఐఆర్ కాపీ పంపండి అన్నారు. ఆమె మూడోసారి టేషన్‌కు పోయింది. "ఎంబసీ నుంచి లెటర్ తే" అన్నారు. అర్థమైందా? ఇద్దరూ ఒకరి కాగితం కోసం ఒకరు చూస్తున్నారు. నడుమ ఆమె ఆటో చార్జీలు పెట్టుకుని తిరుగుతోంది. నాలుగోసారి ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. అది ఎఫ్ఐఆర్ కాదు. ఆమె అదే కేసు అనుకుని బీరువాలో దాచుకుంది. తొమ్మిది నెలలు!

"మా లిమిట్స్ కాదు" అనే మాట చెల్లదు. 2024 జులై 1 నుంచి మన దగ్గర కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, నడుస్తోంది. దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగిందన్నదానితో పని లేకుండా ఏ టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అనేది అదే. ఫోన్లో, మెయిల్లో పంపినా తీసుకోవాలి, ఇచ్చినవాళ్లు మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి. కాపీ ఉచితం. ఎస్సై తీసుకోకపోతే అదే ఫిర్యాదు పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. కేసు కట్టాక 90 రోజుల్లో ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు పోలీసులే చెప్పాలి, ఇది 193వ సెక్షన్.

ఇక్కడ ఎస్సై ఒక మాట అంటాడు. "మనిషి కనబడకపోవడం నేరం కాదు కదా, ఏ సెక్షన్ కింద కట్టాలె?" ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ మన రెండు రాష్ట్రాల్లోనూ "మ్యాన్ మిస్సింగ్" అని రోజూ ఎఫ్ఐఆర్లు కడుతూనే ఉన్నారు. వేములవాడ జాతరలో తప్పిపోయినవాడికి కట్టేది, దమ్మాంలో తప్పిపోయినవాడికి ఎందుకు కట్టరు? ఏజెంట్ మోసం మీద అనుమానం ఉంటే, ఎవరైనా ఏమైనా చేశారని అనుమానం ఉంటే, అది నేరమే. విదేశంలో భారతీయుడు చేసిన నేరంపై కోర్టులో విచారణ నడవాలంటే కేంద్రం అనుమతి కావాలన్న మాట నిజం. కానీ దర్యాప్తు మొదలుపెట్టడానికి ఆ అనుమతి అడ్డం కాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ ఎస్సై చెడ్డవాడని నేను అనను. ఒకసారి ఫోన్లో మాట్లాడాను. "అన్నా, నేను ఇక్కడ ఉండి సౌదీల ఎవర్ని అడగాలె, నువ్వే చెప్పు" అన్నాడు. నిజంగానే అతనికి దారి తెలియదు. కానీ దారి ఉంది. కనబడకుండా పోయినవాళ్ల కోసం ఇంటర్‌పోల్‌లో ఎల్లో నోటీస్ అని ఒకటి ఉంటుంది. మన దేశం తరఫున అడగాల్సింది సీబీఐ. టేషన్ నుంచి ఎస్పీకి, అక్కడి నుంచి రాష్ట్ర పోలీసులకు, వాళ్ల నుంచి సీబీఐకి పోవాలి. రాష్ట్రాల పోలీసులు ఈ పని ఆన్‌లైన్‌లోనే చేసుకునేటట్టు 2025 జనవరిలో భారత్‌పోల్ అనే పోర్టల్ కూడా మొదలుపెట్టారు. మొదటి మెట్టు మాత్రం టేషన్‌లో కట్టే కేసే. అది లేకపోతే పైన ఎన్ని పోర్టళ్లు ఉన్నా ఏం లాభం?

ఇంకా ఇంటి దగ్గర కూర్చునే చేయగల పనులున్నాయి. అతని ఇండియా బ్యాంకు ఖాతా ఆ గురువారం తర్వాత ఎవరైనా ముట్టుకున్నారా? చివరిసారి భార్య ఫోన్‌కు ఏ నంబర్ నుంచి కాల్ వచ్చింది? ఏజెంట్‌ను పిలిచి అడిగారా? తల్లి దగ్గరో, బిడ్డ దగ్గరో డీఎన్ఏ నమూనా తీసి పెడితే రేపు ఇక్కడి మార్చురీలో పేరు తెలియని శవం ఉంటే పోల్చి చూడవచ్చు. రాయడానికి నా చెయ్యి ఆడడం లేదు. కానీ ఆ మాట కూడా అనుకోవాల్సిందే. వీటిలో ఒక్కటీ ఇప్పటిదాకా జరగలేదు.

మొదటి రోజుల విలువ మనకు తెలియంది కాదు. 2024 ఆగస్టులో రబ్ అల్ ఖాలీ ఎడారిలో మన తెలంగాణ కుర్రాడు ఒకడు, తోటి సూడాన్ కార్మికుడు దారి తప్పారు. జీపీఎస్ పోయింది, ఫోన్ చార్జింగ్ అయిపోయింది, బండిలో పెట్రోలు అయిపోయింది. బండి పక్కనే ఇద్దరి శవాలు దొరికాయి. ఎడారిలో ఒక్కో పూట లెక్కే. పద్నాలుగు నెలలు కాదు.

కేసు లేకపోతే ఇంటికి ఇంకో దెబ్బ కూడా ఉంది. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా వికలాంగుడైతేనో వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు. ఈమె భర్త చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించే వీలు చట్టంలో ఉంది. ఆ ఏడేళ్లు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో రుజువు చూపించే గట్టి కాగితం మళ్లీ ఆ ఎఫ్ఐఆరే. ఈమె ఇప్పుడు సధవా, విధవా అని ఊళ్లో అడుగుతున్నారట. అడిగేవాళ్ల నోటికి ఏం చెప్తాం.

ఇక మన సంగతి. ఫోటో షేర్ చేసి మనం ఏం సాధించాం? రియాద్ బత్హాలో చూశామని ఒకరు, జైల్లో ఉన్నాడని ఒకరు, ఇంకో పెళ్లి చేసుకున్నాడని ఒకరు పెట్టారు. ప్రతి మెసేజీకి ఆమె ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుంది. ఫోటో కింద ఉన్న నంబర్‌కు ఎవడో ఫోన్ చేసి, నీ మొగుడు మా దగ్గరున్నాడు, యాభై వేలు పంపు అన్నాడు. పుస్తెలు కుదువ పెట్టి ఇరవై వేలు పంపింది. ఆ నంబర్ మళ్లీ కలవలేదు. ఆ ఫోటో పంపినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. ఇంటివాళ్ల నంబర్ పెట్టి ఫోటో తిప్పకండి, సంఘం నంబర్ పెట్టండి.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. ఆ గురువారం రాత్రి రూములో నలుగురు ఉన్నారు. అందరూ మనోళ్లే. ఒకరికి అఖామా అయిపోయింది, ఒకరు బయట పని చేస్తున్నాడు, మిగతావాళ్లకు కంపెనీ భయం. మొదటి మూడు రోజులు నలుగురూ నోరు మెదపలేదు. తప్పు పట్టడం తేలిక. వాళ్ల స్థానంలో ఉంటే నేనేం చేసేవాణ్నో ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ మూడు రోజుల్లోనే కంపెనీ హురూబ్ రాసింది. పోలీసుల దగ్గరికి పోవడానికి భయమైతే ఎంబసీకి ఫోన్ చేయవచ్చు, సంఘానికి చెప్పవచ్చు. మేము పోతాం. మీ పేరు చెప్పం. మనిషి రాత్రి రాకపోతే పొద్దున్నే చెప్పండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలు ఏదీ లేదు.

గొడవ చేయండి, వద్దనను. కానీ ఒక్క మాట మీద చేయండి. గల్ఫ్‌కు మనుషులు ఎక్కువగా పోయే ప్రతి జిల్లాలో ఎస్పీ ఆఫీసులో ఈ కేసులు చూడటానికి ఒక అధికారి ఉండాలి. ఎంబసీ అడగకముందే ఎఫ్ఐఆర్ కట్టాలి. హురూబ్ ఉన్నా సరే జైళ్లు, ఆసుపత్రులు, తర్హీల్, మార్చురీలు చూసి ఎంబసీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఓట్లకు వచ్చినప్పుడు మన ఇంటివాళ్లు నాయకుల్ని ఇదే అడగాలి.

వచ్చే సోమవారం ఆమె ఎస్పీ ఆఫీసు ప్రజావాణికి పోతోంది. ఫిర్యాదు మేము రాసి పంపాం. సెలవు మీద ఇంటికి పోయినవాళ్లు ఆ జిల్లాలో ఎవరైనా ఉంటే తోడు పోండి, అడ్మిన్‌కు మెసేజ్ పెట్టండి. ఫిర్యాదుతో పాటు, ఆ రాత్రి అతను ఏమని చెప్పి వెళ్లాడో రూములో ఉన్నవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. నలుగురిలో ఒకరు నిన్న పెట్టారు. మిగతా ముగ్గురూ ఈ గ్రూపులోనే ఉన్నారు.