పది భుజాలు, ఒకే పట్టీ

సుదూర పరుగును గురించి రాసేవారిలో చాలామంది దానిని ఒంటరి మనిషి ఓర్పుకు పరీక్షగానే చిత్రిస్తారు. దేహంతో, దారితో, గడియారంతో ఒక్కడే తలపడతాడన్న ఈ ఊహ ఒలింపిక్ మారథాన్‌కు కొంతవరకు సరిపోతుందేమో గాని, ఒక శతాబ్దానికి పైగా ఆ పరుగును గుండెలకు హత్తుకున్న జపాన్‌కు మాత్రం సరిపోదు. అక్కడ సుదూర పరుగు ప్రధానంగా జట్టు ఆట, దాని పేరు ఎకిడెన్. పూర్వం రాజమార్గాల మీద మజిలీ మజిలీకి గుర్రాలను మార్చుకుంటూ వార్తలు చేరవేసిన ఏర్పాటు నుంచి పేరు తెచ్చుకున్న ఈ రోడ్డు రిలే పందెంలో, మైదానపు రిలేలో మాదిరి కర్ర చేతులు మారదు. తసుకి అనే గుడ్డ పట్టీ, ఒక భుజం మీదుగా ఎదుటి నడుము దాకా జందెంలా ఏటవాలుగా వేసుకునేది, ఒకరి ఒంటి మీద నుంచి మరొకరి ఒంటి మీదికి మారుతూ గమ్యం చేరుతుంది.

ఇటువంటి పందేలన్నిటిలోకీ పేరెన్నిక గన్నది హకోనె ఎకిడెన్. ఏటా జనవరి 2న టోక్యో నడిబొడ్డునున్న ఓతెమాచి నుంచి హకోనె కొండల్లోని అషి సరస్సు దాకా, మర్నాడు అక్కడి నుంచి తిరిగి ఓతెమాచికి, మొత్తం 217.1 కిలోమీటర్లు సాగే ఈ పందెంలో ఒక్కో జట్టు తరఫున పదిమంది, మనిషికి 20 నుంచి 23 కిలోమీటర్ల చొప్పున దూరాన్ని పంచుకుంటారు. పరుగెత్తేవారు టోక్యో పరిసరాల్లోని కాంతో ప్రాంతపు విశ్వవిద్యాలయాల విద్యార్థులే అయినా, 1987 నుంచి నిప్పన్ టెలివిజన్ ప్రత్యక్షంగా ప్రసారం చేస్తున్న ఈ పందెం కొత్త సంవత్సరపు సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వేడుకగా స్థిరపడింది.

దీనికి మూలపురుషుడు కనకురి షిజో. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌కు జపాన్ తొలిసారిగా పంపిన ఇద్దరు క్రీడాకారుల్లో ఒకడైన ఆయన, మండుటెండలో జరిగిన మారథాన్‌లో నడిదారిలోనే సొమ్మసిల్లి పరుగు మానేశాడు. ఆ ఓటమి నుంచి ఆయన తీసుకున్న పాఠం, ఒక్క వీరుడిని తయారుచేసి పంపడం కాదు, ఒక్కసారిగా అనేకమందిని సాధనలోకి దించాలన్నది. 1917లో క్యోటో నుంచి టోక్యో దాకా సుమారు 500 కిలోమీటర్ల మేర జరిగిన తొలి ఎకిడెన్‌లో ఆయన చివరి అంచెలో పరుగెత్తాడు. 1920లో వసెదా, కెయిఓ, మెయిజి, టోక్యో ఉన్నత నార్మల్ స్కూలు, ఈ నాలుగింటితో హకోనె పందెం మొదలైనప్పుడు దాని వెనుక ఉన్న ప్రధాన ప్రేరణా ఆయనదే. నేటి దాకా ఆ పందెం ఆత్మ ఆ తొలి ఆలోచనలోనే ఉంది.

ఆ ఆలోచన ఎంత లోతుగా పనిచేసిందో గ్రహించాలంటే అంచెల నిర్మాణాన్ని దగ్గరగా చూడాలి. రెండో అంచె 23.1 కిలోమీటర్లు, సగం దాటాక గొంతజకా అనే ఎత్తు, చివర్లో మళ్ళీ ఎత్తు ఉండే ఈ అంచెకు ప్రతి జట్టూ తన అత్యుత్తమ రన్నర్‌ను కేటాయిస్తుంది. అయిదో అంచె ఒదవారా నుంచి, అంటే దాదాపు సముద్రమట్టం నుంచి, 874 మీటర్ల ఎత్తు దాకా ఎగబాకి సరస్సు ఒడ్డుకు దిగుతుంది. ఈ కొండదారిలో అందరినీ వెనక్కి నెట్టి జట్టును ముందుకు తెచ్చినవాడిని అభిమానులు పర్వతదేవుడని పిలుచుకుంటారు; ఇమాయి మసాతో, కషివబరా ర్యుజి, కమినో దైచి అలా ఆ పేరు పొందినవారే. మర్నాడు ఆరో అంచె అదే దారిలో దిగుడు, తొడల కండరాలను నుజ్జు చేసే దిగుడు. దారిలో నిర్ణీత స్థలాల దగ్గర నీళ్ళు అందించేవాడు పందేనికి ఎంపిక కాని సహవిద్యార్థే. కొన్ని పదుల మీటర్లు పక్కనే పరుగెత్తుతూ సీసా అందించి, ముందున్నవాడు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నాడో చెవిలో వేసి అతను ఆగిపోతాడు. నాలుగేళ్ళ సాధనకు అతనికి దక్కిన భాగం చాలాసార్లు అంతే. అంచె ముగిసే ముందు రన్నర్ భుజం మీది పట్టీని విప్పి, చెమటకు తడిసి ముద్దయిన దానిని పిడికిలికి చుట్టుకుని, తర్వాతివాడి ముందుకు రెండు చేతులతో సాగదీసి పట్టుకుంటాడు.

అయితే వేచి ఉండే సమయానికి హద్దు ఉంది. పోలీసులు ఆపిన రహదారులను తిరిగి వాహనాలకు వదలవలసి ఉంటుంది గనుక, అగ్రస్థానంలోని జట్టు దాటిపోయిన తర్వాత మజిలీని బట్టి 10 నుంచి 20 నిమిషాల లోపు పట్టీ రాకపోతే, తర్వాతి రన్నర్ వేరే పట్టీ వేసుకుని బయలుదేరవలసిందే. దీనినే కురియగే, అంటే ముందస్తు ప్రారంభం అంటారు. సొంత విశ్వవిద్యాలయపు పట్టీతో వస్తున్నవాడు కళ్ళెదుట వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్నా సమయం ముగిస్తే ఆగే వీలు లేదు.

ఈ పందెంలోని అసలు బలం అంకగణితంలో ఉంది. పదిమంది సమయాల మొత్తమే జట్టు సమయం కనుక, మేటి రన్నర్ సంపాదించిన నిమిషమూ పదోవాడు పోగొట్టుకున్న నిమిషమూ సమానమే. మొదటి 10 స్థానాల్లో నిలిచిన జట్లకు మరుసటి ఏడు ప్రవేశం ఖాయం. మిగిలినవి అక్టోబరులో అర్హత పోటీకి, ఇటీవలి సంవత్సరాల్లో తచికవాలో జరుగుతున్న హాఫ్ మారథాన్‌కు వెళ్ళాలి. అక్కడ ఒక్కో విద్యాలయం నుంచి 12 మంది దాకా పరుగెత్తితే తొలి పదిమంది సమయాలను కూడి అర్హతను నిర్ణయిస్తారు. అందువల్ల ఏ కోచ్‌కూ పదోవాడిని, పన్నెండోవాడిని నిర్లక్ష్యం చేసే వీలుండదు. జపాన్ సుదూర పరుగులో కనిపించే లోతుకు, అంటే అగ్రశ్రేణికి ఒక మెట్టు కింద వందల మంది నిలకడగా ఉండడానికి, కారణం జాతి స్వభావంలోనో ఆహారంలోనో వెతకడం వృథా ప్రయాస; అది ఈ కూడికలో ఉంది. షిగెమత్సు మొరియో 1965లో 2 గంటల 12 నిమిషాలకు మారథాన్ ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పితే, రెండేళ్ళకే ఫుకువొకాలో ససకి సెయిచిరో అనే మరో జపాన్ రన్నర్ అంతకన్నా వేగంగా పరుగెత్తాడు. మన దేశంలో శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో సరిగ్గా అదే సమయం, 2 గంటల 12 నిమిషాలు, నమోదు చేస్తే ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. అది శివనాథ్ సింగ్ ఘనతకు ఎంత నిదర్శనమో, ఆయన వెనుక పదోవాడిని నిలబెట్టే ఏర్పాటు మనకు లేకపోయిందనడానికీ అంతే నిదర్శనం.

హకోనె మీద జపాన్‌లోనే చాలాకాలంగా ఒక విమర్శ ఉంది. ఇరవై రెండేళ్ళ వయసులో 20 కిలోమీటర్ల దూరానికే దేహాన్నీ మనసునూ పూర్తిగా ఖర్చు చేయించే ఈ పందెం మారథాన్ వీరులను మొగ్గలోనే తుంచేస్తున్నదని విమర్శకుల వాదన. 1936లో బెర్లిన్‌లో జపాన్ పేరిట స్వర్ణం గెలిచిన సోన్ కీ-చుంగ్ వలసపాలన కింద నలిగిన కొరియా దేశస్థుడు. యుద్ధానంతరం జపాన్ పురుషులెవరూ ఒలింపిక్ మారథాన్ స్వర్ణం గెలవలేదు. హకోనెలో ప్రవేశమే లేని స్త్రీలు మాత్రం వరుసగా రెండు గెలిచారు, 2000లో సిడ్నీలో తకహషి నవోకో, 2004లో ఏథెన్స్‌లో నొగుచి మిజుకి. ఈ వాదనలో సగం నిజముంది. కాని ఆ ఇద్దరు స్త్రీలూ ఎకిడెన్ ఆడే వాణిజ్య సంస్థల జట్ల నుంచి వచ్చినవారేనన్న సంగతిని అది మరిచిపోతుంది. కిశోరప్రాయంలో కెన్యా నుంచి సెందాయికి వచ్చి, పాఠశాల ఎకిడెన్‌లో రాటుదేలి, 2008లో బీజింగ్‌లో కెన్యాకు తొలి ఒలింపిక్ మారథాన్ స్వర్ణం తెచ్చిన సామ్యుల్ వంజిరునూ మరిచిపోతుంది. తప్పు ఎకిడెన్‌ది కాదు, నాలుగేళ్ళ చదువు ముగిసేలోగా ఫలితం చూపాలన్న విశ్వవిద్యాలయాల తొందరది. హకోనె తలుపు స్త్రీలకు నేటికీ మూసి ఉండడం మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేనిది. సెందాయిలో విద్యార్థినులకు వేరే జాతీయ ఎకిడెన్ ఉన్నా, ఆరుగురు కలిసి సుమారు 38 కిలోమీటర్లు పరుగెత్తే ఆ పందేనికి హకోనెకు దక్కే ఆదరణలో కొద్ది భాగమైనా దక్కదు.

అంతకన్నా తీవ్రమైన ప్రశ్న మరొకటుంది. బలాన్నిచ్చే ఆ పట్టీయే కొన్నిసార్లు మనిషిని ఆగనివ్వదు. 2018 అక్టోబరులో ఫుకువొకా ప్రాంతంలో సంస్థల మహిళా జట్ల అర్హత పోటీలో, పందొమ్మిదేళ్ళ రన్నర్ ఒకామె రెండో అంచె చివర కుడికాలి ఎముక విరిగి కూలబడింది. లేచి నిలబడలేక, మోకాళ్ళ మీదా అరచేతుల మీదా తారు రోడ్డుపై 200 మీటర్లకు పైగా పాకుతూ, మోకాళ్ళు నెత్తురోడుతుండగా పట్టీని అందించింది. ఆమెను ఆపమని దూరంగా ఉన్న కోచ్ కోరినా ఆ మాట పక్కనున్న అధికారికి సకాలంలో అందలేదు. దానిని త్యాగమని పొగిడినవారూ ఉన్నారు, క్రూరమని నిరసించినవారూ ఉన్నారు. త్యాగమని పొగడడం ప్రమాదకరం, ఎందుకంటే ఆ పొగడ్త తర్వాతి ఏడు పరుగెత్తే పిల్లల చెవిన పడుతుంది. కనకురి కాలంలోకే వెళ్ళి చూసినా, స్టాక్‌హోం ఎండలో ఆగిపోయిన కనకురి 92 ఏళ్ళ వయసు దాకా బతికి ఒక సంస్కృతినే నిర్మించాడు. అదే పందెంలో ఆగకుండా పరుగెత్తి కూలిన పోర్చుగీసు రన్నర్ ఫ్రాన్సిస్కో లాజరో మర్నాడు కన్నుమూశాడు.

హకోనెలో కోచ్ వెనుక కారులోనే వస్తాడు గనుక అక్కడ కబురు ఆలస్యం కాదు. అతడు వెళ్ళి రన్నర్‌ను తాకితే ఆ జట్టు పందెం నుంచి తప్పుకున్నట్లే. అయినా ఆ చెయ్యి చాచడానికి కోచ్, చాచనివ్వడానికి రన్నర్ ఎందుకు వెనకాడతారంటే, జట్టుకు స్థానం పోవడమే గాక, ఆ తర్వాతి అంచెల్లో పరుగెత్తేవారి సమయాలు అధికారిక రికార్డులుగా లెక్కకు రావు. అంటే ఒకడి చీలమండ బెణికిన నేరానికి, అదే రోడ్డు మీద అంతే దూరం నిజాయితీగా పరుగెత్తిన మిగిలినవారి శ్రమ అధికారిక పుస్తకంలో కనిపించకుండా పోతుంది. ఈ నిబంధనను మార్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వైద్య కారణాలతో ఒక రన్నర్‌ను ఆపినప్పుడు జట్టుకు స్థానం ఇవ్వకపోయినా, తర్వాత పరుగెత్తే ప్రతి ఒక్కరి అంచె సమయాన్నీ అధికారికంగా నమోదు చేస్తే, తాను ఆగితే స్నేహితుల ఏడాది సాధన చెరిగిపోతుందన్న భయం కూలబోతున్న మనిషి మీద ఉండదు. గాయం సంగతి ముందే చెప్పి స్థానాన్ని వదులుకునే ధైర్యం కూడా అప్పుడే రన్నర్లకు వస్తుంది.