మూడు రోజుల్లో పాడయ్యే బీరంటే ఎందుకంత భయం?

కోల్‌కతాలో స్విగ్గీ, జొమాటో మద్యం ఆర్డర్లు తీసుకోవడం 2020 మేలో మొదలైంది. దుకాణాల ముందు జనం గుమిగూడకుండా ఇంటికి చేరవేసే మార్గం ఆలోచించమని ఆ నెల మొదట్లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు సూచించింది. నెల తిరక్కుండానే అన్నం పొట్లాలు మోసే బళ్ల మీద విస్కీ సీసాలు కూడా ఎక్కాయి. మన దేశపు విస్కీలో సాధారణంగా ఉండే ఆల్కహాల్ 42.8 శాతం. దాన్ని ఇంట్లో కూర్చుని తెప్పించుకోవడం తప్పు కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, అదే ఊళ్లో కాచిన అయిదు శాతం బీరును ట్యాప్ దగ్గర జగ్గులో నింపించుకుని ఇంటికి పట్టుకెళతానంటే అభ్యంతరం ఎందుకుండాలి? చాలా రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలు ఈ ప్రశ్న దగ్గర మీనమేషాలు లెక్కిస్తాయి. జగ్గు బీరుకు శాశ్వతమైన అనుమతి ఉండాలని, అందుకు కోల్‌కతా బాగా తగిన ఊరని నేనంటాను. బీరు గొప్పదని కాదు. మన మద్యం చట్టాలు మూత బిగించిన, ఏళ్ల తరబడి నిలవుండే, ఘాటైన సరుకును నమ్ముతాయి. పల్చగా ఉండి త్వరగా చెడిపోయే సరుకును అనుమానిస్తాయి. నిజానికి ఏ సరుకు వల్ల ఎక్కువ చేటు జరిగిందో మన చరిత్రలోనే ఉంది.

ముందు ఈ జగ్గు సంగతి. అమెరికాలో దీన్ని గ్రౌలర్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడి కూలి జనం రేకు బకెట్లలో సారాయి కొట్టు నుంచి బీరు తెప్పించుకునేవారు, చాలాసార్లు పిల్లల చేత. ఇప్పుడు కనిపించే గాజు జగ్గును 1989లో వ్యోమింగ్ రాష్ట్రంలో ఒక చిన్న బ్రూవరీ నడిపిన ఒట్టో సోదరులు ప్రాచుర్యంలోకి తెచ్చారు. దాని కొలత 64 ఔన్సులు, అంటే 1.9 లీటర్లు. గాజు గోధుమరంగులో ఉండటం అందం కోసం కాదు, వెలుతురు తగిలితే బీరులో వేసే హాప్స్ పూల చేదు దుర్వాసనగా మారుతుంది. జగ్గులో ముందుగా కార్బన్ డయాక్సైడ్ పంపి గాలిని వెళ్లగొట్టి, అడుగు దాకా గొట్టం దించి బీరు నింపి, వెంటనే మూత బిగిస్తారు. ఎంత జాగ్రత్తగా నింపినా ఆక్సిజన్ కొంత మిగులుతుంది. కాచిన చోటే అమ్మే చిన్న బ్రూవరీల, అంటే మైక్రోబ్రూవరీల బీరును మామూలుగా పాశ్చరైజ్ చేయరు, చాలాసార్లు వడకట్టరు కూడా. చల్లగా ఉంచితే కొద్ది రోజులు బాగుంటుంది, మూత తీశాక మర్నాటికే చప్పబడుతుంది. ఈ బలహీనతే నా వాదనకు బలం.

బీరును నిలవుంచే విద్యకూ కలకత్తాకూ పాత చుట్టరికం ఉంది. 1780ల్లోనే అక్కడి గెజిట్‌లో లండన్ పేల్ ఏల్ అమ్మకపు ప్రకటనలు పడ్డాయి. లండన్‌లో బో ప్రాంతపు బ్రూవర్ హాడ్జ్‌సన్, ఆ తరవాత 1820ల్లో ఇంగ్లండ్‌లోనే బర్టన్ నుంచి మరో బ్రూవర్ ఆల్సాప్, హుగ్లీ రేవుకు పీపాలు పంపేవారు. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరవాత చేరేది. అందుకని హాప్స్ దండిగా వేసి కాచేవారు. ఇండియా పేల్ ఏల్ అని ప్రపంచమంతా పిలిచే రకం ఆ ప్రయాణం అవసరాల్లో రూపు దిద్దుకున్నదే. తాగేవాడు ఒక ఖండంలో, కాచేవాడు మరో ఖండంలో ఉన్న రోజుల్లో నిలవ గుణమే నాణ్యత. ఇప్పుడు తోప్సియాలోనో సెక్టర్ ఫైవ్‌లోనో బీరు కాస్తే బాలీగంజ్ ఇంటికి కొన్ని కిలోమీటర్లు. తోప్సియాలో ది గ్రిడ్ వంటి మైక్రోబ్రూవరీలు వచ్చాక కోల్‌కతాకు ఆ దూరం పోయింది కానీ, దేశంలో మద్యం నిబంధనల ఆలోచన మాత్రం ఇంకా ఓడల కాలంలోనే ఉంది.

మన దేశంలో మొదటి మైక్రోబ్రూవరీల్లో ఒకటి పుణేలో 2009లో తెరిచిన డూలల్లీ. పదేళ్లు తిరిగేసరికి బెంగళూరు, గుర్గావ్, హైదరాబాద్‌లలో ఇవి మామూలైపోయాయి. 2020లో అన్నీ ఒక్కసారిగా మూతపడ్డప్పుడు తొట్లలో ఉన్న బీరును ఏం చేయాలో యజమానులకు తోచలేదు. సీసాల కంపెనీ అయితే గిడ్డంగికి తాళం వేసుకుని కూర్చుంటుంది, వీళ్లకు ఆ వీలు లేదు. చాలాచోట్ల కాలవల్లో పారబోశారు. అప్పుడు కర్ణాటక తాత్కాలికంగా ఒక దారి తెరిచింది. మనిషికి రెండు లీటర్ల దాకా గాజు, పింగాణీ, స్టీలు పాత్రల్లో పట్టుకెళ్లవచ్చంది. ఆ ఏడాదే మహారాష్ట్ర కూడా గ్రౌలర్లలో అమ్మకానికి అనుమతించింది. పాత్ర దేనితో చేసి ఉండాలో, ఎన్ని లీటర్లు మించకూడదో వారాల్లోనే తేల్చగలిగారంటే, నిబంధనలు రాయడం కష్టమనే సాకు ఇక చెల్లదు.

గట్టి అభ్యంతరం కల్తీది. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు, కోల్‌కతాలో అయితే అసలే లేదు. 1988లో బెహాలాలో పారిశ్రామిక రసాయనం కలిసిన వంటనూనె వాడి వందలమంది కాళ్లూ చేతులూ పడిపోయాయి. 2011 డిసెంబరులో దక్షిణ 24 పరగణాల సంగ్రామ్‌పూర్ ప్రాంతంలో మిథనాల్ కలిసిన నాటుసారా 160 మందికి పైగా ప్రాణాలు తీసింది. మన దగ్గర 2025 జులైలో కూకట్‌పల్లి కల్లు దుకాణాల్లో తాగినవాళ్లు ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఆ కల్లులో తేలింది ఆల్ప్రజోలాం అనే మత్తుమందు. విడిగా అమ్మే ద్రవం ఏదైనా సరే ముందు అనుమానించాలని వీటిని బట్టి ఎవరికైనా అనిపిస్తుంది. కాస్త లోతుగా చూస్తే ఈ మూడింట్లోనూ కొనేవాడికి తయారీ కనిపించలేదు. నూనె ఎక్కడ ఏ డ్రమ్ములో కలిసిందో, సారాలో ఏ ట్యాంకరు స్పిరిట్ పడిందో, కల్లులో ఆ పొడి ఎవరు కలిపారో గిరాకీకి తెలిసే వీలే లేదు. తాటికల్లు, ఈతకల్లు గీసేది మరీ తక్కువై తాగేవాళ్లు మరీ ఎక్కువైనప్పుడు మత్తుమందు చొరబడుతుంది. మైక్రోబ్రూవరీలో తొట్టె, ట్యాప్, అమ్మేవాడు ఒకే కప్పు కింద ఉంటారు, లైసెన్సుకు బాధ్యుడు ఒక్కడే. అక్కడి ట్యాప్ నుంచి గ్లాసులో పోసిన బీరును నమ్మినవాళ్లం, అదే ట్యాప్ నుంచి జగ్గులో పోసిన బీరును నమ్మకపోవడానికి కారణం చూపాలి. జగ్గు గుమ్మం దాటాక దాన్ని చేతులు మార్చి అమ్మితే మాత్రం పాత ప్రమాదం తిరిగి వస్తుంది. అందుకే మధ్యలో దుకాణం ఉండకూడదు, కాచిన చోటే అమ్మాలి.

రెండో అభ్యంతరం ఇంటిది. తాగుడు ఇంట్లోకి వస్తే దెబ్బలు తినేది ఆడవాళ్లే అన్నమాట తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. అయితే ఆ ఆడవాళ్లు తగలబెట్టిన సరుకు ఏమిటో గుర్తు చేసుకోవాలి. అవి ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ఊరూరికీ తోలిన సారా ప్యాకెట్లు. సీలు వేసినవి, జేబులో పట్టేవి, ఎంతకాలమైనా నిలవుండేవి. ఆ సుగుణాలే వాటిని పొలం గట్టుకూ నట్టింటికీ చేర్చాయి. ఆ తరవాత వచ్చిన బెల్టు షాపులూ అంతే. క్వార్టర్ సీసాను కిరాణాకొట్టులో బియ్యం బస్తాల వెనక ఆరు నెలలు దాచొచ్చు. మూడు రోజుల్లో చెడిపోయే, ఐసు లేనిదే బతకని బీరుతో బెల్టు షాపు నడపడం ఎవరి తరమూ కాదు. నిలవ ఉండదు కనుక దొంగ వ్యాపారానికి పనికిరాదు. ఎక్సైజ్ అధికారి కోరుకోవాల్సిన గుణం ఇదే.

ఇక్కడ నా వాదనకు అడ్డుతగిలే లెక్క ఒకటుంది, దాచడం ఎందుకు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఉండే శుద్ధ ఆల్కహాల్ దాదాపు 77 మిల్లీలీటర్లు. రెండు లీటర్ల అయిదు శాతం బీరులో 100. అంటే పల్చనిది కదా అని పెద్ద జగ్గు తెచ్చుకున్నవాడు క్వార్టర్ తాగినవాడి కంటే ఎక్కువే పుచ్చుకుంటాడు. పైగా మూత తీసిన జగ్గు తెల్లారేసరికి చప్పబడుతుంది కనుక, పారబోయడం ఇష్టంలేక ఒక్కడే పూర్తిచేసే ప్రమాదమూ ఉంది. కనుక అమెరికా కొలతను మనం తెచ్చుకోనక్కర్లేదు. లీటరు జగ్గు చాలు. ఫ్లోరిడాలో 2015 దాకా 32 ఔన్సుల జగ్గూ 128 ఔన్సుల జగ్గూ చట్టబద్ధమే కానీ, మధ్యలో ఉన్న 64 ఔన్సులది నేరం. చట్టసభలు కొలతల జోలికి పోతే వింతలు జరుగుతాయనడానికి అదొక మచ్చు. అయినా కొలత నిర్ణయించక తప్పదు, నిర్ణయించేటప్పుడు చిన్నదాని వైపే మొగ్గాలి.

ఇది సెక్టర్ ఫైవ్ ఉద్యోగుల ముచ్చట కానీ సామాన్యుడి సమస్యా అని కొందరు అడుగుతారు. సామాన్యుడి సమస్య కాదు, ఒప్పుకుంటాను. కానీ సీసాలు నింపే యంత్రాలు, గిడ్డంగులు, ప్రభుత్వ సంస్థ ద్వారా పంపిణీ, ఇవన్నీ పెద్ద కంపెనీలకే అందుబాటులో ఉంటాయి. జగ్గు లేకపోతే చిన్న బ్రూవరీకి తన నాలుగు గోడల అవతల మార్కెట్టే లేదు. రాత్రి పదకొండింటికి బైపాస్ మీద తాగి బండి నడిపేవాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. ఇంటికి తెచ్చుకున్నవాళ్లలో కొందరైనా ఆ రోడ్డెక్కరు.

ఎవరి జగ్గు అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అసలు చిక్కు అక్కడే. ఇంటి నుంచి తెచ్చిన జగ్గును నింపడం నాకు సమ్మతం కాదు. అడుగున వారం నాటి మడ్డి ఉంటే మంచి బీరు కూడా పులుస్తుంది, నింద కాచినవాడి మీద పడుతుంది. ఖాళీది ఇచ్చి, బ్రూవరీలోనే కడిగి నింపిన మరోదాన్ని డిపాజిట్ మీద తీసుకోవడం మేలు. బీరు కంపెనీలు ఖాళీ సీసాలను పాతసామాన్ల వాళ్ల ద్వారా వెనక్కి కొని, కడిగి, మళ్లీ నింపడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే. కోల్‌కతా వీధుల్లో తిరిగే బిక్రీవాలాకు ఈ లెక్కలన్నీ కొట్టినపిండి. మే నెల ఉక్కపోతలో నిండు గాజు జగ్గును కారులో వదిలేస్తే లోపలి ఒత్తిడికి పగలొచ్చు కాబట్టి స్టీలువే నయం, పైన కొంత ఖాళీ ఉంచి నింపాలి. మూతకు చిరిగితే తెలిసే సీలు, దాని మీద నింపిన తేదీ, ఆల్కహాల్ శాతం, 2019 నుంచి సీసాలకు తప్పనిసరైన హెచ్చరిక ఉండాలి. కొనేవాళ్లకు బెంగాల్‌లోనూ మన దగ్గరా 21 ఏళ్ల నిబంధన ఎలాగూ ఉంది. పన్నును కాచే తొట్టె దగ్గరే లెక్కకడితే, ఆ బీరు గ్లాసులో పోసినా జగ్గులో పోసినా ఖజానాకు తేడా రాదు.

ఇందుకు పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. మద్యం రాష్ట్ర జాబితాలోని ఎనిమిదో అంశం. పశ్చిమ బెంగాల్ ఇప్పటికీ 1909 నాటి ఎక్సైజ్ చట్టం కిందే నిబంధనలు రాసుకుంటోంది, తెలంగాణ మైక్రోబ్రూవరీల కోసం 2015లో విడిగా రాసుకుంది. వాటిలో లీటరు పరిమితి, కాచిన చోటే అమ్మకం, తేదీ ఉన్న సీలు, డిపాజిట్ జగ్గు అనే నాలుగు మాటలు ఇప్పటికే లేకపోతే చేర్చుకోవచ్చు. ముందు రెండేళ్ల గడువుతో మొదలుపెట్టి, ఆ లోపల పట్టుబడిన ఉల్లంఘనల లెక్కను బెల్టు షాపుల్లో పట్టుబడే క్వార్టర్ సీసాల లెక్క పక్కన పెట్టి చూసి, ఆ తరవాతే కొనసాగించాలో ఆపేయాలో తేల్చమనండి.