ఖాళీ రంధ్రాలు కనిపించాయని చెప్పినా

ఈ వారం ఓ టీవీ చర్చలో ఒక పెద్దమనిషి తేల్చిపారేశారు. రాకెట్లు కూలేది శాస్త్రం తప్పి కాదట, ఎవడో ఫిట్టర్ ఒళ్లు మరిచి బిగించడం వల్లనట. చుట్టూ కూర్చున్నవాళ్లు అవునవునన్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండింది.

ఆయన చూపిన ఉదాహరణ రష్యా ప్రోటాన్. 2013 జులై 2న బైకనూరులో లేచిన కొన్ని క్షణాలకే అడ్డం తిరిగి, మూడు గ్లోనాస్ ఉపగ్రహాలతో సహా నేలకూలింది. కోణీయ వేగాన్ని కొలిచే సెన్సర్లు మూడింటిని తలకిందులుగా బిగించారు. ఏ వైపు పైకి ఉండాలో వాటిమీద బాణం గుర్తు ఉంది. ఇమడకపోతే బలవంతంగా కూర్చిన ఆనవాళ్లు కూడా దొరికాయి. బిగించినవాడిది తప్పే, కాదనను. కానీ ఆ తప్పు ఫ్యాక్టరీ గేటు దాటి ప్రయోగ వేదిక దాకా ఎలా వెళ్లింది? సెన్సర్ పనిచేస్తోందా లేదా అని చూశారు గానీ, ఏ దిక్కుకు తిరిగి ఉందో పట్టుకునే పరీక్ష చివరిదాకా లేనేలేదు. పరీక్షలు నిర్ణయించింది ఫిట్టరా?

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో జరిగింది ఇంకా ఘోరం. 2003 సెప్టెంబర్ 6, శనివారం. లాక్‌హీడ్ మార్టిన్ షెడ్డులో నోవా ఎన్ ప్రైమ్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని బండి మీద నిలువు నుంచి అడ్డానికి తిప్పుతున్నారు. దాన్ని బండికి పట్టి ఉంచే పలకకు 24 బోల్టులు ఉండాలి. వాటిని వేరే పనికోసం అంతకుముందే ఎవరో విప్పుకుపోయారు. బోల్టులు ఉన్నాయో లేదో చూడాలని పని పత్రంలో రాసే ఉంది. చూడకుండానే, పాత కాగితాల మీది భరోసాతో సంతకాలు పడ్డాయి. ఉపగ్రహం మూడడుగుల ఎత్తు నుంచి సిమెంటు నేలమీద పడింది. మరమ్మతుకు 13.5 కోట్ల డాలర్లయింది, నింగికెగరడానికి 2009 ఫిబ్రవరి దాకా పట్టింది.

నన్ను కలచివేసేది ఆ డబ్బు కాదు. రంధ్రాలు ఖాళీగా కనిపిస్తున్నాయని అక్కడున్న టెక్నీషియన్ల సూపర్‌వైజర్ పైకే అన్నాడు. దర్యాప్తు నివేదికలో ఉన్న మాటే ఇది. పని నడిపిస్తున్న ఇంజినీరు దాన్ని కొట్టిపారేశాడు. వంగి ఒక్కసారి చూస్తే సరిపోయేది. చేత్తో పనిచేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండరని తీర్పు చెప్పేవాళ్లు ఈ నివేదిక చదవాలి. అక్కడ కళ్లు తెరుచుకుని ఉన్నది ఆ ఒక్కడే. అతడి మాటకు పని మాత్రం ఆగలేదు. చూసినవాడి మాటకు పని ఆగని చోట ఎన్ని చెక్‌లిస్టులు అచ్చేసినా, ఎన్ని ముద్రలు కొట్టినా కాగితం ఖర్చే.

అంతరిక్ష నౌక జెనెసిస్ సంగతి సరేసరి. సూర్యుడి నుంచి వీచే గాలి కణాలను మూడేళ్లు శ్రమపడి పట్టుకొచ్చిన పేటిక, 2004 సెప్టెంబర్ 8న పారాషూట్ విప్పుకోకుండా గంటకు 311 కిలోమీటర్ల వేగంతో యూటా ఎడారిలో దిగబడింది. గాలిలోనే అందుకోవడానికి హెలికాప్టర్లు సిద్ధంగా ఉన్నాయి పాపం. వేగం తగ్గడాన్ని పసిగట్టి పారాషూట్‌ను విప్పించాల్సిన చిన్న స్విచ్‌లు తిరగేసి ఉన్నాయి. అక్కడ బిగించినవాడి తప్పు రవ్వంతైనా లేదు. డ్రాయింగే తప్పు, అతడు డ్రాయింగు ప్రకారమే బిగించాడు. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని అదనంగా పెట్టినవీ అదే డ్రాయింగు ప్రకారం అమర్చినవే కాబట్టి అన్నీ కలిసే మొరాయించాయి. గిర్రున తిప్పి చూసే పరీక్ష ఒకటి ముందు అనుకున్నారు. వ్యవధి లేదని దాన్ని వదిలేసి, పాత నౌక స్టార్‌డస్ట్ డ్రాయింగులతో పోల్చుకుని సరిపెట్టుకున్నారు. ఆ పరీక్ష వద్దన్నది ఏ ఫిట్టరూ కాదు.

ఇవన్నీ మనకెలా తెలిశాయి? వాళ్లు నివేదికలు బయటపెట్టారు కాబట్టి. మన దగ్గరా అలాంటి రోజులు ఉండేవి. 2006 జులై 10న శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్ఎల్వీ ఎఫ్02, ఇన్‌శాట్ 4సీతో సహా బంగాళాఖాతంలో కలిసింది. ఒక ఇంజిన్‌లోని రెగ్యులేటర్ తయారీలో పొరపాటు జరిగిందని, అది తనిఖీల కన్నుగప్పిందని ఇస్రో తానే ప్రకటించింది. మరుసటి ఏడాదే ఎఫ్04ను ఎగరేసింది. ఒప్పుకున్నందుకు ఇస్రో పరువేమీ పోలేదు.

మరి ఇప్పుడు? 2025 మే 18న పీఎస్ఎల్వీ సీ61 మూడో దశలో దెబ్బతిని ఈఓఎస్ 09 ఉపగ్రహం పోయింది. దాని నివేదిక జనం ముందు పెట్టకుండానే 2026 జనవరి 12న సీ62ను పంపారు. అదీ మూడో దశలోనే చేజారింది. ఈసారి హైదరాబాద్ ధ్రువ స్పేస్ లాంటి కొత్త సంస్థల చిన్న ఉపగ్రహాలూ పోయాయి. అందులో డబ్బు, వయసు, నిద్ర అన్నీ పెట్టిన కుర్రాళ్లకైనా కారణం పూర్తిగా తెలియాలా వద్దా? ఆ రాకెట్ ప్రజల సొమ్ముతో కట్టింది. దేశ భద్రత పేరు చెప్పి దాచుకోవాల్సినవి నాలుగు పేజీలుంటే అవి తీసేయండి, మిగతాది ఇవ్వండి. రెండు నివేదికలూ పార్లమెంటు ముందుకు రావాలి. ఏ పరీక్ష చేశారు, ఏది వదిలేశారు, కింద పనిచేసేవాళ్లలో ఎవరైనా ముందే అనుమానం చెప్పారా, చెబితే దాన్ని ఎవరు పక్కన పెట్టారు అన్నవి వాటిలో ఉండాలి.