మంచం చుట్టూ తెరకి ఎన్ని టోకెన్లు?

మానసిక వైద్యశాలల్లో హింస అనగానే మనకి గొలుసులు, చీకటి గదులు, మత్తు కూడా ఇవ్వకుండా పెట్టే కరెంటు షాకులు గుర్తొస్తాయి. ఈసారి చెయ్యెత్తని, గొంతు పెంచని ఒక పద్ధతి గురించి రాస్తున్నాను. దాన్ని టోకెన్ ఎకానమీ అంటారు. చెప్పినట్టు నడుచుకుంటే ఒక బిళ్ళ ఇస్తారు. బిళ్ళలు పోగేసుకుని కావలసింది కొనుక్కోవాలి.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, అన్నా స్టేట్ హాస్పిటల్లో 1961లో అయిలాన్, అజ్రిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని మొదలుపెట్టారు. అది ఆడవాళ్ళ వార్డు. ఏళ్ళ తరబడి అక్కడే వుండిపోయిన వాళ్ళు. దేనికి బిళ్ళ ఇచ్చారో 1968లో వచ్చిన వాళ్ళ పుస్తకంలో వుంది. పక్క సర్దుకుంటే, తల దువ్వుకుంటే, గౌను, లోదుస్తులు, మేజోళ్ళు, బూట్లు అన్నీ సరిగ్గా వేసుకుంటే బిళ్ళ. వడ్డిస్తే, వూడిస్తే, బట్టలుతికితే ఇంకొన్ని బిళ్ళలు. పెళ్ళిచూపులకి వచ్చిన అత్తగారు వేసుకునే లెక్కకీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు. మగవాళ్ళ వార్డులోనూ ఈ పద్ధతి పెట్టారు కదా అని కొందరు అంటారు, నిజమే. కానీ ఆడదాని ఆరోగ్యాన్ని చీపురుతోనూ దువ్వెనతోనూ కొలవడం ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన కాదు.

ఆ బిళ్ళలతో ఏం కొనుక్కోవచ్చన్నది నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది. మిఠాయి, సిగరెట్లు సరే. పడుకోవడానికి నచ్చిన గది, మంచం చుట్టూ తెర, ఆవరణలో ఇరవై నిమిషాల నడక, సైకాలజిస్టుతోనో చర్చి గురువుతోనో ఏకాంతంగా నాలుగు మాటలు, ఇవన్నీ కూడా ఆ దుకాణంలో సరుకులే. పనితో సంబంధం లేకుండా బిళ్ళలు వూరికే ఇచ్చి చూస్తే ఆ స్త్రీలు పని మానేశారు, మళ్ళీ షరతు పెట్టగానే పనిలోకి వచ్చారు. శాస్త్రవేత్తలు దీన్ని తమ పద్ధతి పనిచేస్తోందనడానికి రుజువుగా చూపించారు. జీతం ఆగితే పని మానెయ్యడం పిచ్చి లక్షణమైతే, మనందరం ఏ వార్డులో వుండాలి?

నాణేనికి రెండోవైపు కూడా చెప్పాలి. అంతకుముందు ఆ వెనక వార్డుల్లో రోగుల్ని పట్టించుకున్న నాథుడు లేడు. 1977లో గోర్డన్ పాల్, రాబర్ట్ లెంజ్ ప్రచురించిన అధ్యయనంలో, టోకెన్లు కలిసిన శిక్షణ పొందిన దీర్ఘకాలిక రోగులు మామూలు ఆసుపత్రి సంరక్షణలో వున్నవాళ్ళ కంటే ఎక్కువమంది బయటికి వెళ్ళగలిగారు. ప్రోత్సాహమే తప్పని నేను అనడం లేదు. మనిషి దగ్గర ముందే వుండాల్సినదాన్ని లాక్కుని, దాన్నే బహుమతిగా తిరిగి అమ్మడం గురించే నా పేచీ. అది ఎక్కడిదాకా పోగలదో వియత్నాంలో చూశాం. అక్కడి ఒక ఆసుపత్రిలో అమెరికన్ డాక్టర్ ఒకాయన పని చెయ్యని స్త్రీలకి తిండి ఆపేశాడు. మూడు రోజుల్లో అందరూ పనికి ఒప్పుకున్నారని 1967లో వైద్య పత్రికలో తనే రాసుకున్నాడు.

ఈ లెక్కని తలకిందులు చేసింది కోర్టు. అలబామాలోని బ్రైస్ ఆసుపత్రి గురించి నడిచిన వ్యాట్ వర్సెస్ స్టిక్నీ కేసులో 1972లో జడ్జి ఫ్రాంక్ జాన్సన్ రోగుల కనీస హక్కుల జాబితా ఇచ్చాడు. అందులో మంచం, ఏకాంతం, చూడవచ్చేవాళ్ళు, సొంత బట్టలు, బయటి గాలి వున్నాయి. ఆసుపత్రి నడవడానికి రోగుల చేత బలవంతంగా పని చేయించకూడదు, ఇష్టపడి చేస్తే కనీస వేతనం ఇవ్వాలి. దుకాణంలో సరుకులుగా వున్నవి ఒక్క ఉత్తర్వుతో హక్కులయిపోయాయి. ఇక మేం దేన్ని బహుమతిగా ఇవ్వాలని నిపుణులు తలలు పట్టుకున్నారు.

మన దేశంలో 2018 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా ఇదే మాట చెప్తుంది. 20వ సెక్షన్ ప్రకారం బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన వేతనం ఇవ్వాలి, ఏకాంతం వుండాలి, తల గొరిగించకూడదు, బహిష్టు సమయంలో కావలసినవి అందించాలి. బిళ్ళ వేతనం కాదు. కూలికి బదులు చీటీ ఇచ్చి, అది ఆసామి కొట్లోనే చెల్లుతుందని చెప్పడంలాంటిది.

కానీ ఈ సెక్షన్ మానసిక ఆరోగ్య సంస్థలకే వర్తిస్తుంది. మనం నడిపే షెల్టర్ హోముల సంగతేమిటి? ఒక హోములో గోడమీద చార్టు చూశాను. వంట డ్యూటీకి ఒక నక్షత్రం, ఎదురు మాట్లాడకపోతే ఒక నక్షత్రం, పది నక్షత్రాలయితే ఇంటికి ఫోను. పెట్టినావిడ చెడ్డ మనిషి కాదు, ఇరవైమందికి ఒక్కతే వార్డెను. అరిచి చెప్పడం కంటే ఇది నయం కదా అంది. నయమే. అయినా తల్లితో మాట్లాడే హక్కుని ఆ పిల్ల నక్షత్రాలతో ఎందుకు కొనుక్కోవాలి?

వచ్చే త్రైమాసికంలోగా మీ హోముల్లో, మీరు వెళ్ళే ఆసుపత్రుల్లో ఇలాంటి జాబితా వుంటే రాసి పంపండి. గోడమీద లేకపోయినా అక్కడుంటున్న స్త్రీలని అడిగితే తెలుస్తుంది. ఏం చేస్తే ఏం ఇస్తారు, ఏం చేస్తే ఏం తీసేస్తారు అన్నవి రెండూ అడగండి. ఫోను, సబ్బు, ప్యాడ్లు, దుప్పటి, గేటు బయటికి వెళ్ళడం, ఇవి ఏ వైపున వున్నాయో ముందు చూడండి.